నిద్ర పడ్తలేదంటే పిల్లలు ఏం చెబుతున్నట్టు?

హన్మకొండ నయీంనగర్‌లో ఆదివారం మధ్యాహ్నం ఏ జూనియర్ కాలేజీ హాస్టల్ గేటు దగ్గర చూసినా కనిపించేది ఇదే. పరకాల నుంచో, నర్సంపేట నుంచో, మహబూబాబాద్ నుంచో బస్సు దిగి వచ్చిన తల్లిదండ్రులు. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా, కవర్లో పండ్లు. నీడ దొరికినవాళ్లు చెట్టు కింద, దొరకనివాళ్లు మెట్ల మీద కూర్చొని పిల్లలకు కోడికూర కలిపి పెడుతుంటారు. మాటలన్నీ మార్కుల చుట్టూనే. మధ్యలో తల్లి "మొకం గింత గుంజుకపోయిందేంది బిడ్డా?" అంటే వచ్చే జవాబు చాలాసార్లు ఒకటే: "నిద్ర సరిపోతలేదమ్మా." కొందరు ఇంకో మాట అంటారు: "పండుకుంటున్న గని నిద్ర పడ్తలేదు." తండ్రి వెంటనే "అందరికీ అంతే, రెండేండ్లు ఓపిక పట్టు" అంటాడు. ముచ్చట అక్కడితో అయిపోతుంది.

వినడానికి ఈ రెండు జవాబులూ ఒకేలా ఉన్నా, తేడా చాలా ఉంది. మొదటిది టైంటేబుల్ మీద ఫిర్యాదు: పడుకుంటే నిద్ర వస్తుంది, పడుకోనిస్తలేరు. రెండో దాంట్లో మంచం ఉంది, చీకటి ఉంది, ఒళ్లు అలసిపోయి కూడా ఉంది, అయినా కన్ను అంటుకోదు. పదహారేళ్ల పిల్లాడు ఇంట్లో "మనసు మంచిగ లేదు" అని చెప్పడం దాదాపు జరగదు. చెప్పినా "గీ వయసుల నీకేం మనసురా" అని నవ్వేస్తారు. నిద్ర గురించి చెప్పుకోవడంలో నామోషీ లేదు. అందుకే లోపల ఏది నలుగుతున్నా ముందుగా బయటికొచ్చేది నిద్ర మాటే, దానికి తోడు తలనొప్పి, కడుపునొప్పి. ఆ మాటను సరిగ్గా వినాలంటే, ఆ వయసులో నిద్రకు ఏమవుతుందో కొంచెం తెలిసి ఉండాలి.

నిద్రను నడిపేవి రెండు. జ్యూరిక్‌లో పనిచేసిన శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించిన ఈ లెక్కనే నిద్ర వైద్యం ఇప్పటికీ వాడుతోంది. ఒకటి నిద్ర భారం. మేలుకొని ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది, అది పెరిగినకొద్దీ కళ్లు బరువెక్కుతాయి. టీలో ఉండే కెఫీన్ ఈ అడినోసిన్ పనిచేయకుండా అడ్డుపడుతుంది. రాత్రి తొమ్మిదింటికి స్టడీ అవర్‌లో తాగిన టీలోని కెఫీన్ దాదాపు సగం, రాత్రి రెండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. రెండోది శరీర గడియారం. చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోన్ విడుదలై "ఇక రాత్రి" అని ఒంటికి కబురు పంపుతుంది. యుక్తవయసులో ఈ కబురు గంట నుంచి రెండు గంటలు ఆలస్యంగా వస్తుంది. నిద్ర భారం పెరగడం కూడా చిన్నప్పటికన్నా నెమ్మదిస్తుంది. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీకి చెందిన మేరీ కార్స్‌కాడన్ దశాబ్దాల తరబడి చేసిన పరిశోధనలు తేల్చిన సంగతి ఇది. ఎలుకలు, కోతుల్లో కూడా యుక్తవయసులో ఇలాంటి మార్పు కనిపించింది, కాబట్టి దీన్ని సెల్‌ఫోన్ ఖాతాలో వేయడానికి లేదు.

వేళ జరిగింది తప్ప అవసరం తగ్గలేదు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ నిద్ర వైద్యుల అకాడమీ 2016లో చెప్పింది. ఐదో తరగతిలో తొమ్మిదింటికే ముడుచుకుని పడుకున్న పిల్ల, ఇంటర్‌కొచ్చాక పదకొండున్నరకు కూడా కళ్లు తెరుచుకునే ఉందంటే అది మొండితనం కాదు. ఒళ్లు అలా తయారైంది.

సరిగ్గా ఆ రెండేళ్లలోనే మన చదువులు పొద్దు పొడవకముందే మొదలవుతాయి. రెసిడెన్షియల్ కాలేజీల్లో మామూలుగా ఐదింటికి లేపుతారు, అటూ ఇటూ అరగంట. ఆరింటికల్లా పుస్తకం పట్టాలి. మధ్యలో క్లాసులు, సాయంత్రం మళ్లీ స్టడీ, రాత్రి పదిన్నరకు లైట్లు ఆర్పుతారు. పడుకునే సరికి పదకొండు, కన్ను అంటేసరికి పదకొండున్నర. మిగిలింది ఐదున్నర గంటలు. ఎనిమిదే చాలనుకున్నా రోజుకు రెండున్నర గంటల బాకీ, ఆరు రోజుల్లో పదిహేను గంటలు. ఆదివారం రెండు గంటలు ఎక్కువ పడుకుంటే ఈ అప్పు తీరదు. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం హైస్కూళ్లను 8:30కు ముందు మొదలుపెట్టొద్దని 2014లో సూచిస్తే, కాలిఫోర్నియా దాన్ని 2022 నుంచి చట్టంగా అమలు చేస్తోంది. మన దగ్గర ఆ టైంకు పిల్లలు రెండు గంటలు చదివి, టిఫిన్ కూడా అయిపోయి ఉంటుంది. ఇది గర్వంగా చెప్పుకునే విషయమని ఇప్పటికీ చాలామంది నమ్మకం.

ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. "నాలుగింటికి లేచి చదివితే బుర్రకెక్కుతది" అని తాతలు చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే ఆ తాతలు పొద్దుగూకంగనే తిని, ఎనిమిదింటికల్లా వాకిట్లో మంచం వాల్చేవాళ్లు. ఎనిమిదికి పడుకుని నాలుగుకు లేస్తే ఎనిమిది గంటల నిద్ర. మనం ఆ సలహాలో లేచే టైం ఉంచుకుని, పడుకునే టైం వదిలేశాం. పైగా వయసు పైబడినకొద్దీ శరీర గడియారం ముందుకు జరుగుతుంది. యాభై దాటిన తండ్రికి ఐదింటికి మెలకువ రావడం ఎంత సహజమో, పదహారేళ్ల కొడుకుకు రాకపోవడం అంతే సహజం.

భూపాలపల్లి, గోదావరిఖని సింగరేణి ఇళ్లల్లో ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. రాత్రి షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటే టీవీ సౌండ్ తగ్గిస్తారు, పిల్లలను బయట ఆడుకొమ్మంటారు. షిఫ్ట్ మారినప్పుడు రెండు మూడు రోజులు ఆ మనిషికి చిరాకు ఎక్కువుంటుందని ఇంటిల్లిపాదికీ తెలుసు, సర్దుకుపోతారు. అదే ఇంట్లో దసరా సెలవులకొచ్చిన కొడుకు పొద్దున పదింటిదాకా పడుకుంటే మాత్రం దుప్పటి గుంజుతారు. ఆ పిల్లాడు కూడా రెండేళ్లుగా తన ఒంటికి పడని షిఫ్ట్‌లోనే ఉన్నాడని ఎవరికీ తట్టదు.

పొద్దున్నే లేపితే పోయేది కొన్ని గంటలే అనుకుంటాం. ఏ గంటలు పోతున్నాయన్నది అంతకన్నా పెద్ద విషయం. నిద్ర దాదాపు తొంభై నిమిషాల చుట్లుగా సాగుతుంది. మొదటి చుట్లలో గాఢనిద్ర ఎక్కువ, ఒంటి అలసట తీరేది, ఎదుగుదల హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది అప్పుడే. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర, కళ్లు రెప్పల కింద అటూ ఇటూ కదిలే నిద్ర, రాత్రి చివరి భాగంలోనే ఎక్కువ. ఐదింటికి లైట్ వేస్తే తెగిపోయేది ఈ ముక్కే. పగలు తగిలిన దెబ్బలను, అంటే మాట పడ్డ అవమానం, తగ్గిన ర్యాంకు, విడిపోయిన స్నేహం లాంటివాటిని మెదడు సర్దుకోవడంలో ఈ నిద్రకు పాత్ర ఉందని పరిశోధకుల అభిప్రాయం. 2007లో వెలువడిన ఒక మెదడు స్కాన్ అధ్యయనంలో ఒక రాత్రంతా నిద్రలేని యువకులకు మనసును కలవరపెట్టే బొమ్మలు చూపించారు. భయాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగం, మామూలుగా పడుకుని వచ్చినవాళ్లకన్నా 60 శాతం ఎక్కువగా స్పందించింది. దాన్ని అదుపులో పెట్టే ముందరి మెదడుతో లంకె సడలిపోయింది. చిన్న మాటకే కళ్లలో నీళ్లు తిరగడం, ఫోన్లో తల్లి "తిన్నవా" అంటే కూడా కసురుకోవడం వెనుక చాలాసార్లు ఉండేది ఇదే.

హాస్టళ్లలో ఏటా పుట్టే దయ్యం కథ వెనుక కూడా తరచూ ఇదే నిద్ర ఉంటుంది. కలలు వచ్చే దశలో మనం లేచి పరుగెత్తకుండా మెదడు కండరాలను కదలకుండా సడలించి ఉంచుతుంది. ఆ దశ పూర్తికాకముందే మెలకువ వస్తే కళ్లు తెరుచుకుంటాయి కానీ చెయ్యి కదలదు, నోరు పెగలదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. కొన్ని సెకన్లో, ఒకట్రెండు నిమిషాలో. నిద్ర చాలనివాళ్లలో, వేళాపాళా లేకుండా పడుకునేవాళ్లలో ఇది ఎక్కువ. ఒక అమ్మాయికి జరిగితే ఆ రాత్రికి ఫ్లోర్ మొత్తం మేలుకుంటుంది, రెండో రోజుకు ఇంకో ఇద్దరికి జరుగుతుంది. తల్లిదండ్రులు తాయెత్తు కట్టించుకొని తీసుకొస్తారు. తాయెత్తుతో ధైర్యం వస్తే మంచిదే, నష్టం లేదు. కానీ ఆ అమ్మాయికి ముందుగా కావాల్సింది వారం రోజుల సరైన నిద్ర.

ఇంతవరకూ చెప్పిందంతా మొదటి జవాబు సంగతి. రెండోదానికి వస్తే, ఉత్తర తెలంగాణ మాటల్లోనే రెండు మంచి పదాలున్నాయి: రంది, బుగులు. పోయినదాని గురించి, కానిదాని గురించి లోపల తొలిచేది రంది. రాబోయేదాని గురించి కడుపులో తిప్పేది బుగులు. డాక్టర్లు డిప్రెషన్, యాంగ్జైటీ అనేవి జబ్బు స్థాయికి చేరిన అవస్థలు. ప్రతి రందీ డిప్రెషన్ కాదు. కానీ పిల్లలతో మాట్లాడేటప్పుడు ఇంగ్లిష్ పేర్లకన్నా ఈ రెండు మాటలు బాగా పనికొస్తాయి. "నీకు డిప్రెషనా?" అంటే ఏ పిల్లాడైనా కాదనే అంటాడు. "ఏం రంది పెట్టుకున్నవ్?" అంటే కనీసం తల దించుకుంటాడు.

నిద్ర చెడిన తీరును బట్టి లోపలి సంగతి కొంత పట్టుకోవచ్చు. బుగులు ఎక్కువున్నవాళ్లకు పడుకోగానే ఆలోచనలు మొదలవుతాయి, గంట, గంటన్నర కన్ను మూతపడదు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లలో కొందరికి తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చి మళ్లీ పట్టదు. ఈ వయసులో దానికి తలకిందులుగా జరగడం కూడా మామూలే: పన్నెండు గంటలు పడుకున్నా ఒళ్లు లేవదు. ఇంకో సంగతి, టీనేజ్‌లో డిప్రెషన్ దిగులు మొహంతో రాకపోవచ్చు. చాలామందిలో అది కోపంగా, చిరాకుగా బయటపడుతుంది. అందుకే ఇంట్లోవాళ్లకు అది జబ్బులా కాక పొగరులా కనిపిస్తుంది. రెండు వారాలకు మించి రోజూ ఇదే తీరుగా ఉండి, ఇష్టమైన ఆట, తిండి, దోస్తులు కూడా వద్దనిపిస్తుంటే దాన్ని వయసు మీదకు నెట్టేయడానికి లేదు.

ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్నకు జవాబు రెండు వైపులా ఉంది. రందితో నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే రంది పెరుగుతుంది. డిప్రెషన్ లేకుండా నిద్రలేమి మాత్రమే ఉన్నవాళ్లకు ఆ తర్వాత డిప్రెషన్ వచ్చే అవకాశం, మామూలుగా నిద్రపోయేవాళ్లకన్నా సుమారు రెట్టింపని 2011లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చేసిన విశ్లేషణ తేల్చింది. బెంగళూరు నిమ్హాన్స్ 2015–16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13–17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అరవై మంది సెక్షన్‌లో నలుగురైదుగురన్నమాట. ఆ సెక్షన్‌కు చెప్పే లెక్చరర్లలో ఎంతమందికి ఆ నలుగురు ఎవరో తెలుసు?

"అంతా ఫోన్ వల్లనే" అనే మాట ఇక్కడ తప్పకుండా వస్తుంది. ఫోన్ పాత్ర లేదని కాదు. రీల్స్ చూస్తూ ఒంటిగంట దాటించే డే స్కాలర్లు ప్రతి వీధిలో ఉన్నారు. అయితే తెర వెలుగు ఒక్కటే చేసే చెడుపు అనుకున్నంత లేదు. అది తినేసే సమయం, మనసును రేపే తీరు ఎక్కువ నష్టం చేస్తాయి. ఇక ఫోన్లు అనుమతించని రెసిడెన్షియల్ హాస్టళ్లలో కూడా పిల్లలు పైకప్పు చూస్తూ పడుకుంటున్నారు కదా? ఫోన్ మీద పెట్టిన కేసు అక్కడ నిలబడదు. ఆ హాస్టళ్లలో కరువైంది ఎండ. చాలా కాలేజీలు నడిచేది ఆటస్థలం లేని అంతస్తుల బిల్డింగుల్లో. ట్యూబ్‌లైట్ల గదిలో వెలుగు కొన్ని వందల లక్స్ (వెలుగును కొలిచే లెక్క) ఉంటే, బయట పగటి వెలుగు పది వేలకు పైనే ఉంటుంది. శరీర గడియారాన్ని ముందుకు జరపగలిగేది పొద్దుటి వెలుగే. పొద్దున అరగంట గ్రౌండ్‌లో వదిలితే రాత్రి నిద్ర త్వరగా వస్తుంది. స్టడీ అవర్ పెట్టడం మాత్రం మనకు తేలిక.

అన్నీ మనసు ఖాతాలో వేయడం కూడా తప్పే. "కాళ్లు గుంజుతున్నయ్, పండుకోబుద్ధి అయితలేదు" అనే అమ్మాయిలు మన ఇళ్లల్లో కొత్తేం కాదు. సాయంత్రం దాటాక, పడుకున్నాక ఎక్కువై, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గే గుంజుడైతే ఐరన్ తక్కువ ఉండి ఉండొచ్చు. తెలంగాణలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చేస్తే సంగతి తేలుతుంది. గట్టిగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడే పిల్లలకు గొంతులోని టాన్సిల్స్, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్స్ చూపించాలి. ఇక ఎండాకాలం సరేసరి. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొంచెం తగ్గాలి. స్లాబ్ కింద పై అంతస్తు గదిలో మే నెల రాత్రి అది ఎక్కడ తగ్గుతుంది? నీట్, ఎప్‌సెట్ చదువులు పరాకాష్ఠకు చేరేది ఆ వేడిలోనే.

గోళీల గురించి ఒక మాట. "నిద్ర గోలి" అని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే వాటిలో ఎక్కువగా వినిపించే పేరు ఆల్ప్రాజోలం. కల్తీ కల్లులో కలిపేది కూడా ఇదే మందు అని మన జిల్లాల్లో చాలామందికి తెలుసు. కల్లు ఒక్కసారి బంద్ చేసినప్పుడు చేతులు వణికి, ఫిట్స్ వచ్చి ఆస్పత్రి పాలైనవాళ్లను చూసినవాళ్లు, అదే మందును పరీక్షల ముందు బిడ్డకు అరగోలి చొప్పున ఇవ్వరు. నిద్రలేమికి ముందుగా వాడాల్సిన చికిత్స మాటలతో, అలవాట్ల మార్పుతో చేసేది: రోజూ ఒకే టైంకు లేవడం, నిద్ర రాకపోతే మంచం మీద పొర్లకుండా లేచి కూర్చోవడం, మంచాన్ని పడుకోవడానికి మాత్రమే వాడటం. చివరిది హాస్టల్లో కష్టం. అక్కడ మంచమే టేబుల్, మంచమే కుర్చీ.

పెద్దాస్పత్రికి తీసుకెళ్దామంటే ఇంట్లో మొదట వచ్చే మాట ఎర్రగడ్డ. హైదరాబాద్‌లోని మానసిక ఆరోగ్య సంస్థ ఉన్న ఆ పేట పేరును తెలంగాణలో తిట్టుగా మార్చేసుకున్నాం. దాంతో చూపించాల్సినవాళ్లు చూపించకుండా ఆగిపోతున్నారు. వరంగల్‌లోనే ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీ చీటీ రాయించుకుంటే చాలు. గేటు దాటి వెళ్లడానికే మొహమాటమైతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబర్ 10న మొదలైన ఈ ప్రభుత్వ సేవ 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. "నేను లేకపోతేనే మంచిగుంటది" లాంటి మాట పిల్లల నోట వస్తే, లేదా ఇష్టమైన వస్తువులు ఇతరులకు ఇచ్చేస్తుంటే, ఆదివారం దాకా ఆగొద్దు. ఆ రోజే ఒంటరిగా వదలకుండా తీసుకెళ్లాలి. "చచ్చిపోవాలనిపిస్తుందా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే చాలామందికి బరువు దిగుతుంది. 2022లో దేశంలో 13 వేలకు పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. 2019లో మన ఇంటర్ ఫలితాల తర్వాతి రోజులు ఇక్కడెవరూ మరచిపోలేదు.

కాలేజీలకు కూడా ఇప్పుడు తప్పించుకునే దారి తగ్గింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో చేరిన ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరైనా ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం వీలైనంతవరకు మానాలి. అడ్మిషన్ రోజు ఫీజు, ఏసీ, మెస్ మెనూ గురించి అడిగే తల్లిదండ్రులు "కౌన్సెలర్ ఎవరు, ఏ టైంలో ఉంటరు?" అని కూడా అడగొచ్చు. లైట్లు ఎప్పుడు ఆర్పుతారు, ఎప్పుడు వేస్తారు అన్నది అంతకన్నా ముందే అడగాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు చేయదగిన పని ఒకటుంది, దానికి రూపాయి ఖర్చు లేదు. ఒక తెల్ల కాగితం మీద రెండు వారాల గీతలు గీసి, ఎన్నింటికి పడుకున్నది, ఎన్నింటికి నిద్ర పట్టినట్టు అనిపించింది, మధ్యలో ఎన్నిసార్లు లేచింది, పొద్దున ఒళ్లు ఎలా ఉన్నది పిల్లలనే రాయమనాలి. ఉజ్జాయింపుగా రాసినా చాలు. అలాంటి కాగితం ఒకటి ఊహించుకుందాం. సోమవారం నుంచి గురువారం దాకా నిద్ర పట్టిన టైం పదకొండు, పదకొండున్నర మధ్య. శుక్రవారం దగ్గర రెండున్నర. పక్క వారం మళ్లీ శుక్రవారమే, మూడు. శనివారం వీక్లీ టెస్ట్, సోమవారం ర్యాంకులు బోర్డు మీద. ఆ కాగితం చూసిన డాక్టర్ ఇక నిద్ర గురించి అడగరు. తల్లిని కాసేపు బయట కూర్చోమని, పిల్లాడి వైపు తిరిగి "శుక్రవారం రాత్రి ఏమైతది?" అని అడుగుతారు.